మనిషికి బదులుగా వెళ్లే కాగితం

ఇవాళ న్యాయశాస్త్ర పట్టా అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు నా ఆశీస్సులు.

నాతో ఒక పాత ఇన్‌లాండ్ లెటర్ తెచ్చాను. నీలం వెలిసిపోయి బూడిద రంగుకి తిరిగింది. నేను నల్లకోటు వేసుకున్న మొదటి ఏడాది ఒక జైలు నుంచి నా పేరు మీద వచ్చింది. పంపిన ఖైదీ తనే రాసింది కాదు, అదే బ్యారక్‌లో చదువొచ్చిన మరో ఖైదీ రాసిపెట్టాడు. మొత్తం ఏడు వాక్యాలు. తనని తప్పుగా ఉంచేశారని, భార్యకి ఒంట్లో బాగోలేదని, తల్లికి చూపు ఆనదని, ఎవరైనా దయతలచి విడిపించమని. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర, పక్కన పేరు. తండ్రి పేరు లేదు. ఊరు లేదు. కేసు నంబరు లేదు, తారీఖు లేదు. ఏ స్టేషన్ వాళ్లు పట్టుకున్నారో, ఏ కోర్టు లోపల పెట్టమందో, ఎంత కాలానికి పెట్టమందో ఒక్క ముక్క లేదు. ఈ ఉత్తరాన్ని నేనేం చేశానో తర్వాత చెబుతాను. ముందు ఒక మాట. మన దేశ చట్టం ప్రకారం ఆ ఏడు వాక్యాలకు హెబియస్ కార్పస్ పిటిషన్ అయ్యే అర్హత ఉంది.

పరీక్షల్లో మీరంతా రాసే ఉంటారు. లాటిన్ మాట, మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని అర్థం, సుప్రీంకోర్టుకైతే 32వ అధికరణం, హైకోర్టుకైతే 226. పది మార్కుల ప్రశ్నకి అది చాలు. జైల్లో కూర్చున్న మనిషికి లాయరు లేనప్పుడు ఆ కాగితం ఎలా పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది మాత్రం సిలబస్‌లో లేదు. నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఎక్కువ భాగం దాని వెంట తిరగడానికే సరిపోయింది. అందుకే ఇవాళ వేరే విషయం మాట్లాడాలనిపించలేదు.

ఈ జిల్లాలో పుట్టినవాళ్లకి ఆ లాటిన్ మాట విలువ ఇంకొకరు చెప్పాలా? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన అల్లూరి సీతారామరాజు, దాడికి ముందు మిరపకాయ టపా పంపి మరీ వచ్చేవాడని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత చెప్పి చేసిన మనిషి 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కితే, ఆయన్ని ఏ మేజిస్ట్రేటు ముందుకీ తీసుకెళ్లలేదు. చెట్టుకు కట్టి కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణంలో చదివినప్పుడల్లా నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది. ఆ నిబంధన రాసినవాళ్ల మనసులో కొయ్యూరు ఉందో లేదో గాని, నా మనసులో మాత్రం ఉంది.

ఇప్పుడు విశాఖపట్నం వెళదాం. జైల్ రోడ్డు మీకు తెలుసు. సాయంత్రం పూట సెంట్రల్ పార్కులో పిల్లలు ఆడుకునే చోట ఒకప్పుడు సెంట్రల్ జైలు ఉండేది. తర్వాత దాన్ని అడవివరానికి తరలించారు. శ్రీకాకుళం పోరాటం అణిగిపోయాక పార్వతీపురం కుట్ర కేసు ముద్దాయిలను ఆ పాత జైల్లోనే ఉంచారు. నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్‌ను కూడా డార్జిలింగ్ జైలు నుంచి ఇక్కడికే తీసుకొచ్చారు, విశాఖలోని ప్రత్యేక న్యాయమూర్తి వారంటు పంపారు కాబట్టి. తన నిర్బంధం చెల్లదని సన్యాల్ 32వ అధికరణం కింద సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఆ కేసు డార్జిలింగ్ జిల్లా మేజిస్ట్రేటు పేరుతో కనిపిస్తుంది, అందువల్ల మనవాళ్లు దాన్ని ఎక్కడో బెంగాల్ కేసు అనుకుని దాటేస్తారు. ఆ మనిషి ఉన్నది మాత్రం మన పక్కనే, విశాఖ జైల్లో.

అందులో రెండు తీర్పులు వచ్చాయి. రెండూ మనకు కావాలి. 1973లో రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చిన ప్రశ్న వినడానికి వింతగా ఉంటుంది. మనిషిని తీసుకురమ్మని అడిగే పిటిషన్‌లో ఆ మనిషిని నిజంగా కోర్టుకి తీసుకురావాలా? అక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. నిర్బంధం చట్టబద్ధమా కాదా అన్నది తేల్చడానికి మనిషి ఎదురుగా నిలబడనక్కర్లేదు, కాగితాలు చూసి తేల్చవచ్చు అంది. విశాఖ జైలు నుంచి ఢిల్లీ దాకా ఒక ఖైదీని పోలీసుల కాపలాతో తీసుకెళ్లడం ఎంత పనో మీకు తెలుసు కాబట్టి ఆ తీర్పులో ఉన్న లోకజ్ఞానం అర్థమవుతుంది. దాని రెండో వైపు కూడా చూడండి. ఆ రోజు నుంచి ఖైదీ వెళ్లడు, ఖైదీకి బదులుగా అతని కాగితం వెళుతుంది. జడ్జి గారు అతని మొహం చూడరు, ఒంటి మీద దెబ్బలు చూడరు, గొంతు వినరు. కాగితంలో ఉన్నంత మనిషే ఆ గదిలోకి వెళతాడు. నా ఇన్‌లాండ్ లెటర్‌లో ఎంత మనిషి ఉన్నాడు చెప్పండి? ఒక పేరు, ఒక వేలిముద్ర.

రెండో తీర్పు 1974లో వచ్చింది. సన్యాల్ ఓడిపోయాడు. తనను మొదట డార్జిలింగ్ జైల్లో పెట్టిన తీరే చట్టవిరుద్ధమని అతని వాదన. అది ఇప్పుడు చూడనక్కర్లేదంది కోర్టు. నిర్బంధం సరైనదా కాదా అన్నది పరిశీలించాలంటే ఎంత వెనక్కి వెళ్లినా పిటిషన్ వేసిన తేదీ దాకానే వెళతామంది. ఆ తేదీకి అతను విశాఖలో, కోర్టులకు ఖైదీల హాజరు గురించిన 1955 చట్టం కింద వచ్చిన వారంటు మీద ఉన్నాడు, ఆ వారంటు సరైనదే. మొదట్లో జరిగిన తప్పు ఎంత పెద్దదైనా, మధ్యలో ఒక సరైన ఉత్తర్వు వచ్చి పడితే మొదటి తప్పు కొట్టుకుపోతుంది. ఈ సూత్రం నాకు మనసుకు నచ్చదు. ఐదు రోజులు అక్రమంగా ఉంచి, ఆరో రోజు రిమాండ్ కాగితం తెచ్చుకున్నవాడికి ఇది వరం. కానీ అదే చట్టం కాబట్టి, మనం దాని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఖైదీ కాగితంలో తేదీ అలంకారం కాదు. ఏ రోజు పట్టుకున్నారు, ఏ రోజు మేజిస్ట్రేటుకి చూపించారు, ఏ రోజు ఈ ఉత్తరం రాశాను. ఈ మూడు తేదీల మీదే గెలుపోటములు ఆధారపడిన కేసులు నేను చాలా చూశాను. ఆలస్యం చేసే ప్రతి రోజూ అవతలివాళ్లకి ఒక కొత్త ఉత్తర్వు తెచ్చుకోవడానికి దొరికిన రోజు.

అదే కాలంలో అదే జైలు నుంచి ఇంకో పిటిషన్ వెళ్లింది. నక్సల్ నాయకుడు నాగభూషణ్ పట్నాయక్‌తో పాటు కొందరు 1969లో ఆ జైలు నుంచి తప్పించుకున్నాక కాపలా బాగా బిగించారు. గోడల మీద కరెంటు తీగ వేశారు, బయట సాయుధ పోలీసులను నిలబెట్టారు. లోపలున్న భువన్ మోహన్ పట్నాయక్, మరికొందరు ఖైదీలు దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1974లో వాళ్ల పిటిషన్ కొట్టేశారు. పారిపోయే హక్కు ఖైదీకి లేదు కాబట్టి ఆ తీగ అతని హక్కుల్ని హరించదన్నారు. అయితే ఓడిపోయిన ఆ కేసులోనే, శిక్ష పడ్డంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవన్న మాట కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత దేశంలో ఖైదీల హక్కుల మీద వచ్చిన ప్రతి తీర్పూ విశాఖ జైలు నుంచి వెళ్లిన ఆ కాగితానికి ఎంతో కొంత రుణపడి ఉంది. ఆ పార్కులో దాని గుర్తుగా ఒక్క రాయి కూడా పాతలేదు. పాతాలని నా కోరిక.

ఆ తర్వాత దారి వేగంగా విశాలమైంది. తీహార్ జైల్లో ఉరిశిక్ష పడి ఉన్న సునీల్ బాత్రా, పక్క ఖైదీని ఒక హెడ్ వార్డర్ చిత్రహింస పెట్టాడని సుప్రీంకోర్టు జడ్జికి ఒక ఉత్తరం రాశాడు. తన కోసం కాదు, పక్కవాడి కోసం. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం దాన్నే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 1980లో ఒక తల్లి తన కొడుకు నిర్బంధం మీద వేసిన కేసులో, నిర్బంధితుడు జైలు నుంచి రాసిన పోస్టు కార్డు కూడా ఈ కోర్టును కదిలించడానికి సరిపోయిందని జస్టిస్ భగవతి గుర్తుచేశారు. పిటిషన్ ఇలాగే ఉండాలి, ఈ గళ్లలోనే రాయాలి అన్న పట్టింపు స్వేచ్ఛకు సంబంధించిన విషయంలో లేదన్నారు. మనిషిని లోపల పెట్టినవాడే అది చట్టప్రకారం చేశానని చూపించుకోవాలి. ఖైదీ పెట్టుకునే అర్జీకి కోర్టు ఫీజు లేదని 1870 నాటి కోర్టు ఫీజుల చట్టంలోనే ఉంది. కాలపరిమితి లేదు. సంతకం రాకపోతే వేలిముద్ర. తను రాయలేకపోతే భార్య రాయవచ్చు, తల్లి రాయవచ్చు, స్నేహితుడు రాయవచ్చు.

అమెరికాతో పోల్చి చూడండి. అక్కడ రాష్ట్ర జైల్లో ఉన్నవాడు ఫెడరల్ కోర్టులో హెబియస్ కోరాలంటే దానికి అచ్చు ఫారం ఉంది, ఐదు డాలర్ల రుసుము ఉంది, అబద్ధం రాస్తే శిక్షకు లోబడతానని సంతకం చెయ్యాలి, రాష్ట్ర కోర్టుల గడపలన్నీ ముందు ఎక్కి ఉండాలి, 1996 చట్టం తర్వాత ఏడాది గడువు కూడా ఉంది. ఆ ఏడాది దాటితే లోపల ఎంత న్యాయమున్నా తలుపు తెరుచుకోవడం చాలా కష్టం. అయితే అక్కడ ఒక మంచి సూత్రం ఉంది, 1988లో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది. లాయరు లేని ఖైదీ తన కాగితాన్ని జైలు అధికారి చేతికి ఇచ్చిన రోజే దాఖలు చేసిన రోజు. తపాలా ఆలస్యమైనా, జైలు ఆఫీసులో పడి ఉన్నా ఆ ఆలస్యం ఖైదీ ఖాతాలో పడదు. చెయ్యి బయటపెట్టలేని మనిషికి ఇంతకు మించిన న్యాయం ఏముంటుంది?

ఫ్లోరిడా జైలు నుంచి క్లారెన్స్ గిడియన్ 1962లో పెన్సిల్‌తో రాసి పంపిన అర్జీ గురించి మీరు చదివే ఉంటారు. ఆ అర్జీ మీదే, లాయరు పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని 1963లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. పుస్తకాల్లో అంతగా చెప్పని సంగతి ఒకటుంది. గిడియన్ మొదటిసారి పంపిన కాగితాలను ఆ కోర్టు ఆఫీసు వెనక్కి పంపింది, తనకు డబ్బు లేదన్న ప్రమాణపత్రం జతచెయ్యలేదని. ఊరికే తిప్పి పంపలేదు. నిబంధనల కాపీ, ఆ ప్రమాణపత్రం నమూనా కూడా కవరులో పెట్టి పంపారు. అతను దాన్ని చూసి రాసి మళ్లీ పంపాడు. ఆ నమూనాను కవరులో పెట్టిన గుమాస్తా చెయ్యి నాకు ఎప్పుడూ గుర్తొస్తూ ఉంటుంది. లోపం ఉందని తిప్పి పంపే చేతులు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. లోపం ఎలా సరిదిద్దుకోవాలో కూడా రాసి పంపే చేతులు చాలా తక్కువ.

సరే, మన పోస్టు కార్డు దగ్గరికి వద్దాం. చట్టం ఇంత ఉదారంగా ఉన్నప్పుడు సమస్య ఏమిటి? సమస్య ఏమిటంటే పోస్టు కార్డు చాలు అని చదివిన లాయర్లు కూడా, ఏ పోస్టు కార్డు చాలు అని ఆలోచించరు. మన ఊరి బెల్లం మార్కెట్‌లో ఒక దిమ్మ చేతులు మారాలంటే ఎవరి బెల్లమో, ఎంత తూగిందో, ఏ రోజో చీటీ మీద పడాలి. చీటీ లేని దిమ్మను ఎవరూ ముట్టుకోరు. మనిషి విషయంలో ఆ పాటి శ్రద్ధ ఉండాలి కదా.

అందుకని జైల్లో ఒక మనిషి పక్కన కూర్చున్నప్పుడు మొదట అతన్ని ఏడవనివ్వండి, తర్వాత అడగండి. పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జైల్లో ఇచ్చిన నంబరు. పోలీసులు ఏ రోజు ఏ పొద్దున ఎక్కడ పట్టుకున్నారో అతని మాటల్లోనే రాయండి. 'అమావాస్య మర్నాడు, సంతలో' అంటే అలాగే రాసుకుని, తర్వాత క్యాలెండరు చూసి తేదీ కట్టండి. రిమాండ్ రిపోర్టులో అరెస్టు తేదీ వేరే ఉంటే రెండూ రాయాలి. ఆ రెండు తేదీల మధ్య ఎడంలోనే చాలాసార్లు కేసంతా ఉంటుంది. ఏ స్టేషన్, క్రైమ్ నంబరు ఎంత, ఏ సెక్షన్లు, ఏ మేజిస్ట్రేటు ముందు ఎప్పుడు నిలబెట్టారు, నిలబెట్టినప్పుడు జడ్జి గారు ఏమైనా అడిగారా, తను ఏమైనా చెప్పాడా. వచ్చే వాయిదా ఎప్పుడు. చేతికి ఏ కాగితాలు ఇచ్చారు, ఏ భాషలో ఇచ్చారు. ఇంతకుముందు ఎక్కడైనా అర్జీ పెట్టాడా, దాని గతి ఏమైంది. దాచవద్దని చెప్పండి, ఎందుకంటే అది అవతలివాళ్ల నోటి నుంచి బయటపడితే ఉన్న నమ్మకం పోతుంది. చివరికి ఏం కోరుతున్నాడో ఒక్క వాక్యం. తెలియనిది తెలియదని రాయండి. ఊహించి రాసిన ఒక్క తప్పు తేదీ ఏడు నిజాలను ముంచుతుంది. రాసిందంతా అతని భాషలో చదివి వినిపించి, చదివి వినిపించానని ఆ కాగితం మీదే రాసి, మీ పేరు పెట్టి, అప్పుడు వేలిముద్ర తీసుకోండి. ఆ చివరి వాక్యం చాలామంది మరిచిపోతారు. ఒకసారి ములాఖత్‌లో ఒక పెద్దాయన తన కాగితం నాకే చూపించి, "లాయరమ్మా, ఇందులో ఏటి రాసారో నాకు తెల్దు, వేలు మాత్రం నాదే" అన్నాడు. ఆ వేలు అతనిదే, ఆ మాటలు అతనివి కావు.

భాష సంగతి చిన్నది కాదు. 1962లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో, ఇంగ్లిషు రాక హిందీలో ఇమ్మని అడిగిన మనిషికి నిర్బంధానికి కారణాలు ఇంగ్లిషులో ఇచ్చారని సుప్రీంకోర్టు అతన్ని విడిచిపెట్టింది. తర్వాత ఇంకో అడుగు వేసి, నోటితో వివరించి చెప్పామంటే సరిపోదు, అతనికి వచ్చిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలంది. మన పాడేరు, చింతపల్లి నుంచి వచ్చే కుర్రాళ్లలో కొందరికి ఇంట్లో కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. తెలుగు సంతలో నేర్చుకున్నది. వాళ్లకి తెలుగు కాగితం ఇచ్చాం కదా అని మనమే అంటే ఎలా? మీలో ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. మీ అమ్మ భాష మీకు ఇంగ్లిషు కంటే పెద్ద ఆయుధం, దాన్ని నామోషీ అనుకోకండి.

ఇప్పుడు మీకు కష్టం కలిగించే సంగతి చెబుతాను. జైలు నుంచి హెబియస్ అని వచ్చే ఉత్తరాల్లో చాలావాటికి హెబియస్ సరైన మందు కాదు. మేజిస్ట్రేటు రిమాండ్ ఉత్తర్వు మీద లోపలున్న మనిషి విషయంలో, ఆ ఉత్తర్వు పూర్తిగా అధికార పరిధి లేనిదో, బొత్తిగా యాంత్రికంగా ఇచ్చినదో అయితే తప్ప, హైకోర్టు హెబియస్‌లో జోక్యం చేసుకోదు. అడవివరం జైల్లో గంజాయి కేసుల విచారణ ఖైదీలు ఎంతమందో మీకు తెలియనిది కాదు. గంజాయి ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిలు చాలా కష్టం. అయితే 180 రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే, కోర్టు గడువు పొడిగించకపోతే, బెయిలు హక్కుగా వస్తుంది. చార్జిషీటు పడేలోపు అడిగినవాడికే అది వస్తుంది. 181వ రోజు పొద్దున్న అడిగితే హక్కు, సాయంత్రం చార్జిషీటు పడ్డాక అడిగితే ఏమీ లేదు. దీనికి పెద్ద పిటిషన్ కూడా అక్కర్లేదు, నోటితో అడిగినా చాలని 2017లో అస్సాం నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్రాడికి ఎవరైనా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టడం నేర్పితే చాలు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపితే విడుదల కోసం కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్ మీదే పెట్టారు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకీ అందదు. శిక్ష పడ్డవాడికైతే జైలు అప్పీలు ఉంది, కాగితం సూపరింటెండెంట్ చేతికి ఇస్తే ఆయనే పై కోర్టుకి పంపాలి. ఏ మనిషికి ఏ కాగితమో తేల్చి చెప్పడం మీ పని. ఖైదీ అన్నిటినీ కలిపి 'నన్ను విడిపించండి' అనే రాస్తాడు. అది అతని తప్పు కాదు.

హెబియస్ నిజంగా పనిచేసేది ముందస్తు నిర్బంధం దగ్గర. 1986 నాటి పీడీ చట్టం కింద ఏడాది దాకా విచారణ లేకుండా ఉంచవచ్చు. అందుకే ఆ చట్టంలో ప్రతి మెట్టుకీ గడువు పెట్టారు. కారణాలు ఐదు రోజుల్లో చేతికి రావాలి, ప్రభుత్వ ఆమోదం పన్నెండు రోజుల్లో, సలహా మండలి ముందుకు మూడు వారాల్లో, మండలి నివేదిక ఏడు వారాల్లో. ఒక్క మెట్టు తప్పినా ఉత్తర్వు కూలుతుంది. తెలంగాణ నుంచి వెళ్లిన కేసుల్లో 2022 నుంచి 2024 దాకా సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని వాడుతున్న తీరును మళ్లీ మళ్లీ తప్పుపట్టింది. మామూలు నేరాన్ని సమాజ శాంతికి భంగమని పేరు మార్చి మనిషిని లోపల పెట్టకూడదంది. ఆ కేసుల్లో పిటిషన్ వేసినవాళ్లలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. ఉత్తర్వు ఏ రోజు చేతికందిందో కవరు మీద రాసి పెట్టుకున్న ఇల్లాలు, అలా రాసి పెట్టుకోని లాయరు కంటే మెరుగు.

కాగితం రాయడం ఒక ఎత్తు, అది గేటు దాటడం ఇంకో ఎత్తు. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక ఖైదీకి 1973 నాటి హైకోర్టు తీర్పు నకలు అందేసరికి శిక్షాకాలమే దాదాపు అయిపోయింది. తీర్పు నకలు ఖైదీకి ఉచితంగా, వెంటనే ఇవ్వాలని, ఇచ్చినట్టు అతని దగ్గర రసీదు తీసుకోవాలని అప్పుడే చెప్పారు. బాత్రా తీర్పులో జైళ్లలో ఫిర్యాదు పెట్టెలు పెట్టమన్నారు, ఖైదీ హక్కుల పుస్తకం ప్రాంతీయ భాషలో అచ్చువేయమన్నారు. మీరు వెళ్లిన ప్రతి జైల్లో ఆ పెట్టె ఉందా, ఉంటే తాళం ఎవరి దగ్గరుంది అని అడగండి. అడగడంలో కోపం వద్దు. నేను చూసిన జైలు సిబ్బందిలో ఖైదీ కాగితాన్ని తన సొంత కాగితంలా జాగ్రత్తగా పంపినవాళ్లూ ఉన్నారు. కాగితం అధికారి చేతికి ఇచ్చిన రోజు రిజిస్టరులో నమోదు చేయించుకుని ఆ నంబరు ఖైదీకి చెప్పండి. అమెరికా సూత్రం మన దగ్గర అచ్చంగా లేకపోయినా, ఆ నంబరు పట్టుకుని మనం వాదించవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచితంగా లాయరు రావాలి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ పలకాలి. ఆ చివర పలికేది రేపు మీలో ఒకరు.

నా ఇన్‌లాండ్ లెటర్ సంగతి చెబుతానన్నాను. అది వచ్చాక నేను దాన్ని ఒక ఫైల్లో పెట్టాను. వివరాలేమీ లేవు, ఎవరినైనా పెద్దవాళ్లని అడిగి చూద్దాంలే అనుకున్నాను. పదకొండు రోజులు అలాగే ఉంది. తర్వాత వెళ్లాను. అదే పేరుతో ఇద్దరున్నారు, మొదట తప్పు మనిషిని పిలిచారు. అసలు మనిషి వచ్చాక తెలిసింది, అతని శిక్ష అప్పటికే పూర్తయింది. జరిమానా కట్టలేదు కాబట్టి అదనపు శిక్ష అనుభవిస్తున్నాడని అందరూ అనుకుంటున్నారు. జరిమానా అతని అన్న ఎప్పుడో కోర్టులో కట్టేశాడు, రసీదు ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది. కట్టినట్టు కాగితం జైలుకు చేరలేదు. హైకోర్టు దాకా వెళ్లే పనే పడలేదు. రసీదు తెచ్చి కింది కోర్టులో చూపిస్తే మర్నాడు మధ్యాహ్నానికి విడుదల ఉత్తర్వు వచ్చింది. కాగితం ఎక్కడ ఆగిందో నేను ఎవరినీ పేరు పెట్టి అనను. కానీ ఆఖరి పదకొండు రోజులు ఆగింది నా బల్ల మీద. బయటికొచ్చాక అతను నాకు దండం పెట్టాడు. నేను ఎన్ని రోజులు ఆలస్యం చేశానో అతనికి అప్పుడు చెప్పలేకపోయాను. తర్వాత చెప్పాలని వెళితే ఊరు మారిపోయాడు. అందుకే ఈ ఉత్తరం నా దగ్గరే ఉండిపోయింది.

వచ్చే శనివారం అడవివరం జైలు న్యాయసహాయ క్లినిక్కుకి వెళుతున్నాను. మీలో రావాలనుకున్నవాళ్లు పొద్దున్న ఏడున్నరకి మన బస్టాండులో ఉండండి. గేటు దగ్గర సెల్‌ఫోన్లు తీసేసుకుంటారు, కావలసిన నంబర్లు చేత్తో రాసుకు రండి. తెల్లకాగితాలు, ఈ ఏటి క్యాలెండరు, వెనకటి ఏటి క్యాలెండరు, ఒక స్టాంపు ప్యాడు తెచ్చుకోండి. వేలు తుడుచుకోవడానికి ఒక పాత గుడ్డ కూడా తీసుకురండి. వేలిముద్ర వేసిన మనిషి సిరా చేత్తోనే బ్యారక్‌కి తిరిగి వెళ్లకూడదు.